పిస్టన్ మార్చే ముందు

చెట్లు కోసే మిషన్ ఇంజిన్‌ని ఇంటి షెడ్డులోనే విప్పి కట్టుకోవచ్చు. అక్కడా ఇక్కడా అరగదీసి దాని ఊపూ పెంచుకోవచ్చు. కానీ అది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్త పిస్టన్ వేస్తే, నెల తిరక్కముందే ఆ కొత్తదీ పాతదాని దారే పడుతుంది. మన ఎండకి, మన తుమ్మ మొద్దులకి, ఇప్పటి పెట్రోలుకి తగ్గట్టు ఒక టూ స్ట్రోక్ ఇంజిన్‌ని మళ్లీ నిలబెట్టే పని గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఔటర్ రింగురోడ్డు మీద 12వ ఎగ్జిట్ దగ్గర దిగితే బొంగులూరు. సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇటు తుర్కయంజాల్, అటు ఇబ్రహీంపట్నం. పక్కనే ఆదిభట్ల. అక్కడి ఏరోస్పేస్ పార్కులో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. సీ-130జే రవాణా విమానాల తోక భాగాలూ అక్కడివే. మైక్రాన్లలో కొలిచే ఆ ఫ్యాక్టరీలకు కూతవేటు దూరంలోని రేకుల షెడ్లలో మరో రకం ఇంజినీరింగ్ ఉంది. దాని పనిముట్లు నాలుగు స్పానర్లు, ఒక వైస్, ఆకురాళ్లు, సోల్డరింగ్ తీగ.

ఆ షెడ్లకు పని కరువు ఉండదు. వెంచర్ల కోసం చదును చేసే పొలాల గట్ల మీద తుమ్మలు, చింతలు. చెరువు కట్టల పొడవునా సర్కారు తుమ్మ. వీటికి తోడు వేప. కొన్నేళ్లుగా తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి లోపలికి ఎండుతూ వస్తున్నాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే తెగులది. ఎండిన కొమ్మ ఇంటి మీద పడకముందే కోయించాలి. గొడ్డలి పట్టే మనిషి దొరకడు. అందుకే ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వేలకు దొరికే 58 సీసీ చైన్ రంపం ఊరూరా చేరింది. పేరున్న కంపెనీ మిషన్ కొనాలంటే దానికి నాలుగైదు రెట్లు పెట్టాలి.

చవక మిషన్ మొదటి సీజన్ బాగానే కోస్తుంది. రెండో సీజన్‌కి షెడ్డు మెట్లెక్కుతుంది. వచ్చే ఫిర్యాదులు రెండే: "అన్నా, మిషన్ గుంజుతలేదు", లేదా "తాడు గుంజితే అల్కగ వస్తున్నది". మొదటిదానికి కారణాలు పది ఉండొచ్చు. రెండోదానికి అర్థం ఒక్కటే. కంప్రెషన్ పోయింది.

ఎక్సెల్ బండి నేర్పిన విద్య

టూ స్ట్రోక్ ఇంజిన్ మన ఊళ్లకు కొత్త చుట్టం కాదు. పాల క్యాన్లు, గడ్డిమోపులు, ఎరువుల బస్తాలు మోసిన టీవీఎస్ ఎక్సెల్ సూపర్‌ది 70 సీసీ టూ స్ట్రోక్. కుర్రకారు వెంటపడిన యమహా ఆర్‌ఎక్స్ 100ది 98 సీసీతో 11 హార్స్‌పవర్. 1985లో వచ్చి 1996లో ఆగిపోయినా ఇప్పటికీ దానికి గిరాకీ తగ్గలేదు. వీటి పుణ్యాన ఊరి మెకానిక్‌కి సైలెన్సర్ కాల్చి మసి దులపడం, రింగులు మార్చడం, పెట్రోల్లో టూటీ ఆయిల్ పాళ్లు చూసుకోవడం కొట్టిన పిండి. తర్వాత కాలుష్య నిబంధనలు బిగుసుకున్నాయి. 2015లో ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్‌గా వచ్చింది. టూ స్ట్రోక్ రోడ్డు దిగి చేలల్లోకి వెళ్లిపోయింది. పత్తికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే బ్రష్ కట్టర్, చెట్లు కోసే మిషన్, ఈ మూడే దాని ప్రస్తుత చిరునామాలు.

రంపానికి ఈ ఇంజిన్ ఇంతగా అచ్చిరావడానికి కారణం దాని కట్టుబడిలోనే ఉంది. వాల్వులు లేవు, అడుగున ఆయిల్ తొట్టి లేదు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే 1891లో పేటెంట్ తీసుకున్న ఉపాయమే ఇప్పటికీ నడుస్తోంది. పిస్టన్ పైకి వెళ్తుంటే కింద క్రాంక్‌కేస్ గాలిని, పెట్రోలుని పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగుతుంటే ఆ మిశ్రమాన్ని పక్కదారుల్లోంచి పైకి నెడుతుంది. ప్రతి చుట్టుకీ ఒక పేలుడు. బరువు తక్కువ, బలం ఎక్కువ. కార్బొరేటర్లో తేలే బంతి బదులు సన్నని రబ్బరు పొర ఉంటుంది కాబట్టి, మిషన్‌ని పక్కకి వాల్చినా తలకిందులు చేసినా ఆగదు. చెట్టెక్కి కొమ్మ కోసేవాడికి కావాల్సింది అదే.

చైన్ రంపం చరిత్ర కూడా వందేళ్లదే. స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటు రంపం, 1929లో పెట్రోలు రంపం తయారుచేశాడు. అప్పట్లో దాన్ని ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేది కాదు. 1947లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే మొద్దులు కొట్టే మనిషి, కట్టెను అటూ ఇటూ తొలుచుకుపోయే పురుగు దవడలను గమనించి పళ్ల గొలుసు రూపాన్నే మార్చేశాడు. నేటి గొలుసుకు మూలం అదే. 1959లో వచ్చిన స్టీల్ కాంట్రాలో గేర్లు లేవు. ఇంజిన్ తిరిగిన వేగంతోనే గొలుసూ తిరిగింది. మన షెడ్డులో బల్ల మీదున్న 58 సీసీ మిషన్ ఆ వంశంలోదే.

సైలెన్సర్ విప్పితే సాక్ష్యం

ఇంజిన్ పోయిందనగానే చాలామంది చేసే పని సిలిండర్-పిస్టన్ సెట్టు ఆర్డరు పెట్టడం. ఆగండి. ముందు సైలెన్సర్ విప్పండి. రెండు బోల్టులే. ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి, తాడు మెల్లగా లాగుతూ చూస్తే పిస్టన్ ఒంటి మీదున్న మరకలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఒక్కో మరకా ఒక్కో కారణానికి సాక్ష్యం.

ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువు గీతలు పడి, రింగులు గాడిలో ఇరుక్కుపోయి ఉంటే ఇంజిన్‌కి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందిందని లెక్క. లేదా ఆయిల్ కలపని పెట్రోలు తాగిందని. అన్నిటికంటే వేడెక్కే భాగం అదే కాబట్టి అల్యూమినియం ముందు అక్కడే కరిగి గోడకి అంటుకుంటుంది. కార్బొరేటర్ వైపు బూడిద రంగులో, గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగిపోయి ఉంటే దుమ్ము లోపలికి పోయింది. ఎయిర్ ఫిల్టర్ చిరిగిందో, సరిగ్గా కూర్చోలేదో చూడాలి. నాలుగు వైపులా గీతలుంటే చల్లదనం అందలేదు. సిలిండర్ రెక్కల మధ్య రంపపు పొట్టు, గొలుసు ఆయిల్ కలిసి గట్టిపడి గాలి దారి మూసేసి ఉంటాయి. పిస్టన్ నెత్తి మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే మంట వేళతప్పి పేలుతోంది.

ఈ మరకలు చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక కావాలి. గిరాకీ మనిషి తలుపు దగ్గర నిలబడి "ఎంతసేపైతది" అంటుంటే ఆ ఓపికే ముందు పోతుంది.

బీపీ మిషన్‌తో గాలి పరీక్ష

ఎగ్జాస్ట్ వైపు గీతలున్నాయి. అంటే ఎక్కడో అదనపు గాలి దూరుతోంది. ఎక్కడ? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పరికరం కంపెనీ వర్క్‌షాపుల్లో ఉంటుంది. ఇంట్లో దానికి బదులు పాత బీపీ మిషన్ చాలు.

పట్టీ ఊడదీసి రబ్బరు బుడ్డిని, మీటరుని మాత్రం ఉంచుకోవాలి. సైలెన్సర్ చోట సైకిల్ ట్యూబు ముక్కని మడిచి పెట్టి, దాని మీద సైలెన్సర్‌నే బిగిస్తే ఎగ్జాస్ట్ మూసుకుంటుంది. కార్బొరేటర్ విప్పి ఆ దారినీ అలాగే ట్యూబు ముక్కతో, దానిపై రేకు పట్టీతో మూయాలి. స్పార్క్ ప్లగ్గు చోట బోలు చేసిన పాత ప్లగ్గు పెట్టి, దానిలో బీపీ గొట్టం బిగించి, పిస్టన్‌ని అడుగుకి దింపితే సిలిండర్, క్రాంక్‌కేస్ రెండూ ఒకే గది అవుతాయి. ఇక బుడ్డి నొక్కడమే. మీటరు ముల్లు 300 దగ్గర ఆపాలి. అది సుమారు 0.4 బార్. ముల్లు కదలకుండా నిలబడితే ఇంజిన్ గట్టిది. దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది.

ఇప్పుడు సబ్బు నురగ. సిలిండర్ అడుగున, క్రాంక్‌కేస్ రెండు చెక్కలు కలిసే గీత మీద, ఫ్లైవీల్ వెనక సీలు దగ్గర, క్లచ్ వెనక సీలు దగ్గర బ్రష్షుతో పూస్తూ పోతే, దొంగ ఎక్కడున్నాడో అక్కడ బుడగ లేస్తుంది. చవక మిషన్లలో ఎక్కువగా పట్టుబడేవి రెండు. ఒకటి ఎండిపోయిన ఆయిల్ సీలు. రెండోది కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం. మడత విప్పితే తప్ప దాని పగులు కంటికి కనిపించదు. గాలి నింపినప్పుడు మూసుకుని, లోపలికి పీల్చినప్పుడు తెరుచుకునే సీళ్లూ ఉంటాయి. అందుకే వీలైతే సిరంజితో వెనక్కి లాగి వాక్యూమ్ కూడా చూడాలి.

పదుల రూపాయల్లో దొరికే ఆ సీలు మార్చకుండా వందలు పెట్టి పిస్టన్ మారిస్తే, కొత్త పిస్టన్ కూడా అదే గాలి పీల్చుకుని అదే చోట కాలుతుంది.

సీసాలో తేలే నిజం

గాలి ఎక్కడా దూరకపోయినా ఇంజిన్ ఆకలితో మాడొచ్చు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20. అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకి 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌కి తొమ్మిది రెట్లు చాలు. రెండూ కలిసిన ఈ20కి లెక్క కడితే దాదాపు 13.5. మరోలా చెప్పాలంటే, అదే గాలికి సుమారు ఎనిమిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కారుకైతే సెన్సర్లు, కంప్యూటర్ ఉన్నాయి, అవే సర్దుకుంటాయి. రంపం కార్బొరేటర్‌లో పెట్రోలు సర్దడానికి ఉన్నవి ఎల్, హెచ్ అనే రెండు స్క్రూలే. మామూలు పెట్రోలుకి సెట్ చేసిన స్క్రూ మీదే ఈ20తో నడిపితే ఇంజిన్ ఆ మేరకు పస్తుంటుంది. ఎగ్జాస్ట్ వైపు గీతలకు ఇదీ ఓ కారణం. చాలా కంపెనీల పుస్తకాలు ఇథనాల్ పది శాతం దాటొద్దనే చెబుతాయి.

అనుమానముంటే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. కొలత గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టంలో 20 మి.లీ. నీళ్లు, 80 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి పక్కన పెట్టాలి. ఇథనాల్ పెట్రోలుని వదిలి నీళ్లలో కలిసిపోతుంది. అడుగు పొర 20 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 35 దాటితే అది ఈ20. బీడీ, దీపం దగ్గర లేకుండా, ఆరుబయట చేయాల్సిన పరీక్ష ఇది.

ఇదే లక్షణం ట్యాంకులోనూ ప్రమాదం తెస్తుంది. వానాకాలమంతా మూలన పడున్న మిషన్ ట్యాంకులో తేమ చేరితే ఇథనాల్ నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకు ఫిల్టర్ ఉండేది అడుగున. అంటే తాడు లాగగానే ఇంజిన్ తాగేది ఆయిల్ చుక్క లేని సారా. అందుకే పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్లో మిగిలింది అయిపోయేదాకా నడిపి ఆపడం మంచిది. రబ్బరు పొరలు గట్టిపడకుండా ఉండటానికీ ఇదే మందు.

ఆయిల్ విషయంలో ఇంకో అపోహ ఉంది. "ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి మంచిదే కదా" అని. లీటరుకి 20 మి.లీ. అంటే 50కి 1, 25 మి.లీ. అంటే 40కి 1, 40 మి.లీ. అంటే 25కి 1. చవక మిషన్లు చాలావాటికి 25కి 1 రాస్తారు. మంచి జాసో ఎఫ్‌డీ ఆయిల్ వాడితే 40కి 1 దగ్గర బాగా నడుస్తాయి. జెట్ రంధ్రం మాత్రం మారదు కదా. ఆయిల్ పెంచిన కొద్దీ ఆ రంధ్రంలోంచి వెళ్లే పెట్రోలు తగ్గుతుంది. పాళ్లు మార్చిన ప్రతిసారీ స్క్రూ మళ్లీ చూసుకోవాల్సిందే. బండికి వాడి తీసేసిన నల్ల ఆయిల్‌ని గొలుసు ఆయిల్‌గా పోయడమూ మన దగ్గర మామూలే. దాంట్లో ఉండే లోహపు రజను ముందు ఆయిల్ పంపుని, తర్వాత గొలుసు తిరిగే బార్‌ని తినేస్తుంది.

విప్పడం ఒక ఎత్తు

కారణం తేలాక విప్పాలి. మొదట తగిలే చిక్కుముడి క్లచ్. దాని మరలు ఎడమచేతి మరలు. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. తిప్పుతుంటే పిస్టన్ కూడా తిరుగుతుంది కాబట్టి దాన్ని ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి స్టార్టర్ తాడుని నాలుగు మడతలు లోపలికి తోస్తారు. స్క్రూడ్రైవర్ పెట్టి ఆపితే పిస్టన్ నెత్తి పగులుతుంది. ఇక్కడ ఉక్కు కంటే తాడే నయం.

సిలిండర్ బయటికి వచ్చాక అందరూ చెప్పే సలహా "లేత్ దగ్గర బోర్ కొట్టించు, పెద్ద సైజు పిస్టన్ వేద్దాం". ఆర్‌ఎక్స్ 100కి అది కుదిరింది. దాని లోపల పోత ఇనుప స్లీవ్ ఉండేది. రంపం సిలిండర్ అలా కాదు. అల్యూమినియం గోడ మీద వెంట్రుకంత మందాన నికెల్-సిలికాన్ కార్బైడ్ పూతో, క్రోమ్ పూతో ఉంటుంది. బోర్ కొడితే ఆ పూతే పోతుంది. కాబట్టి చేయాల్సిందల్లా గోడకి అంటుకున్న పిస్టన్ అల్యూమినియాన్ని వదిలించడం. కిరాణా కొట్లో దొరికే ఆసిడ్‌ని చెవిలో పెట్టుకునే దూది పుల్లతో మరక మీద మాత్రమే అద్దితే బుసబుసా నురగొచ్చి అల్యూమినియం కరుగుతుంది. నికెల్ పూత చెక్కుచెదరదు, క్రోమ్ పూతను మాత్రం ఆసిడ్ తింటుంది. అయితే పూత లేచిపోయిన చోట ఆసిడ్ పడితే సిలిండర్‌నే తినేస్తుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, పని ఆరుబయట. తర్వాత నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సన్నని ఎమరీతో అడ్డదిడ్డంగా రుద్దాలి. గోరు ఆనించి పైకీ కిందికీ గీస్తే ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే సిలిండర్ మార్చడమే.

కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని నిలువునా ఊపి చూడాలి. పక్కలకి కాస్త కదలొచ్చు. కిందికీ పైకీ కటకటమంటే కింది బేరింగు పోయినట్టే. అక్కడితో ఆ ఇంజిన్ మీద ఖర్చు ఆపేయడం తెలివి. మిగతా భాగాలు ఇంకో మిషన్‌కి పనికొస్తాయి.

కట్టేటప్పుడు తప్పులు చిన్నవి, మూల్యం పెద్దది. పిస్టన్ నెత్తి మీది బాణం ఎగ్జాస్ట్ వైపే ఉండాలి. రింగు చివరలు గాడిలోని పిన్ను దగ్గరే కలవాలి. లేకపోతే సిలిండర్ గోడలోని పోర్టు (రంధ్రం) అంచుకి తగిలి విరుగుతాయి. పిన్ను రెండు వైపులా పెట్టే సర్‌క్లిప్పులు పాతవి మళ్లీ వాడకూడదు. నోరు నిట్టనిలువుగా పైకో కిందికో ఉండేలా కూర్చోబెట్టాలి. పక్కకి తిప్పి పెడితే పిస్టన్ ఊపుకి క్లిప్పు జారి సిలిండర్‌ని చీరేస్తుంది. ఇగ్నిషన్ కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య సందు 0.3 మి.మీ. ఒక విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే సరిపోతుంది. ప్లగ్గు గ్యాప్ 0.5 నుంచి 0.6 మి.మీ.

మిల్లీమీటర్ల జూదం

ఇంజిన్ ఆరోగ్యంగా నిలబడ్డాక మొదలవుతుంది అసలు ఆశ. "ఇంకొంచెం ఊపు రావాలె". టూ స్ట్రోక్‌ని రేపడంలో ప్రపంచానికి గురువు అనదగ్గవాడు తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికి 125 సీసీ ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ పిండాడు. అదే ఏడాది అతని రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి, ఆ గుట్టు సుజుకీకి చేర్చాడు. కాడెన్ గుట్టులో సగం పొడవాటి, ఉబ్బెత్తు ఎగ్జాస్ట్ గొట్టంలో ఉంది. వెనక్కి కొట్టే శబ్దతరంగమే కొత్త మిశ్రమం బయటికి పోకుండా నెడుతుంది. రంపానికి అంత గొట్టం పెట్టే చోటు లేదు. కాబట్టి ఇక్కడ దొరికే లాభం కొంచెమే. అదీ మూడు చోట్ల.

మొదటిది సైలెన్సర్. చవక మిషన్ల సైలెన్సర్ల నోరు మరీ ఇరుకు. వేడి లోపలే ఉండిపోతుంది. దాన్ని ఎగ్జాస్ట్ పోర్టు వైశాల్యంలో ముప్పావు వంతు దాకా తెరిస్తే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది, చల్లగానూ ఉంటుంది. నిప్పురవ్వలు ఆపే జాలీని మాత్రం తీయకూడదు. ఎండాకాలం ఎండుగడ్డి మధ్య కోసేవాళ్లం మనం. నోరు తెరిచాక హెచ్ స్క్రూని వదులు చేసి పెట్రోలు పెంచకపోతే, చేసిన మేలే కీడవుతుంది.

రెండోది పిస్టన్ నెత్తికీ సిలిండర్ పైకప్పుకీ మధ్య మిగిలే సందు. షెడ్డు మెకానిక్ దీన్ని సోల్డరింగ్ తీగతో కొలుస్తాడు. ప్లగ్గు రంధ్రంలోంచి తీగని గోడకి తగిలేదాకా తోసి, ఫ్లైవీల్ ఒక చుట్టు తిప్పి, నలిగిన కొసని కాలిపర్‌తో కొలవాలి. చవక మిషన్లలో ఒక మి.మీ. దాటి ఉంటుంది. సిలిండర్ అడుగు గాస్కెట్ తీసేసి, దాని చోట పలుచగా వేడి తట్టుకునే సీలెంట్ పూస్తే అర మి.మీ. దాకా తగ్గుతుంది. 45 మి.మీ. బోర్ మీద అర మి.మీ. అంటే 0.8 సీసీ. దహన గది అంత చిన్నదైతే కంప్రెషన్ పెరుగుతుంది, తాడు లాగినప్పుడే చేతికి తెలుస్తుంది. కానీ సందు 0.5 మి.మీ. కంటే తగ్గకూడదు. వేడెక్కి సాగిన పిస్టన్ పైకప్పుకి కొట్టుకుంటుంది. సిలిండర్ దిగినప్పుడు పోర్టులన్నీ దాంతో పాటు దిగుతాయని గుర్తుంచుకోవాలి.

మూడోది, అందరూ మొదటే చేయాలనుకునేది, పోర్టు అరగదీయడం. నిమిషానికి 12,000 చుట్లంటే సెకనుకి 200. ఒక చుట్టుకి పట్టేది సెకనులో వెయ్యింట అయిదు వంతులు. అందులో ఎగ్జాస్ట్ తెరిచుండేది 160 డిగ్రీలనుకుంటే, కాలిన పొగంతా బయటికి పోవడానికి దొరికేది సెకనులో వెయ్యింట రెండు వంతులకు కాస్త ఎక్కువ. పోర్టు పైఅంచుని ఒక్క మిల్లీమీటరు పైకి జరిపితే అది మూడు డిగ్రీలకు పైగా ముందే తెరుచుకుంటుంది. పై వేగంలో బలం పెరుగుతుంది, కింది వేగంలో తగ్గుతుంది. పచ్చి వేపకొమ్మకి అది బాగానే ఉంటుంది. ఎండిన తుమ్మ మొద్దులో బార్ మొత్తం దిగినప్పుడు ఇంజిన్‌కి కావాల్సింది కింది బలం. అందుకే మన పనికి పోర్టుని పైకి పెంచడం కంటే పక్కలకి వెడల్పు చేయడం మేలు. అదీ బోర్‌లో మూడింట రెండు వంతులు దాటకుండా. అంతకు మించితే రింగు ఆ రంధ్రంలోకి ఉబ్బి విరుగుతుంది. అరగదీశాక అంచులన్నీ చిన్న రాయితో గుండ్రం చేయాలి. పూత అంచు పదునుగా మిగిలితే మొదటి ట్యాంకులోనే రింగుని చెక్కేస్తుంది.

గ్రైండర్ పట్టే ముందు కాగితం మీద 360 డిగ్రీల చక్రం గీసి, పాత సీడీకి అంటించి, క్రాంక్‌కి బిగించి, ఏ పోర్టు ఎన్ని డిగ్రీలకి తెరుచుకుంటోందో రాసుకోవాలి. తీసిన లోహం తిరిగి రాదు. రాసుకున్న లెక్క ఒక్కటే రెండో సిలిండర్‌కి పనికొస్తుంది.

స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే

ఎల్ స్క్రూ: ఐడిల్‌కీ, రేజ్ అందుకోవడానికీ. ట్రిగ్గర్ నొక్కగానే తడబడితే పావు చుట్టులో సగం వదులు చేయండి.

హెచ్ స్క్రూ: పూర్తి వేగానికి. కుడివైపు బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, మోత పెరుగుతుంది, ఇంజిన్ ఆయుష్షు తగ్గుతుంది. ఖాళీగా పూర్తిగా రేజ్ చేసినప్పుడు గరగరమనాలి. మొద్దులో దించగానే ఆ గరగర పోయి మోత నునుపెక్కాలి. అదే సరైన చోటు. కొన్ని కాయిళ్లు వేగం మించకుండా మంట కోసేస్తాయి. ఆ తడబాటు కూడా గరగరలాగే వినిపిస్తుంది. చెవికి అనుమానంగా ఉంటే వదులు వైపే ఉండండి.

ఐడిల్ స్క్రూ: గొలుసు తిరగకుండా ఇంజిన్ నిలబడే చోట. ట్రిగ్గర్ వదిలినా గొలుసు పాకుతుంటే మిషన్ కింద పెట్టొద్దు, ముందు సరిచేయండి.

కొత్త రింగులు వేశాక మొదటి రెండు ట్యాంకులు ఖాళీగా ఫుల్ రేజ్ పెట్టొద్దు. చిన్న కొమ్మలు కోస్తూ అలవాటు చేయండి.

గొలుసు ఎంత వేగం, చేయి ఎంత దూరం

ఇంజిన్ ఊపు పెరిగిందంటే గొలుసు వేగం పెరిగిందని. 58 సీసీ మిషన్లకు ఎక్కువగా వచ్చే 0.325 అంగుళాల పిచ్ గొలుసు, ఏడు పళ్ల స్ప్రాకెట్ మీద ఒక చుట్టుకి 115 మి.మీ. ముందుకి పోతుంది. నిమిషానికి 10,000 చుట్ల దగ్గర అది సెకనుకి 19 మీటర్లు, గంటకి దాదాపు 70 కిలోమీటర్లు. బార్ ముక్కు పైభాగం మొద్దుకి తగిలితే అదే వేగంతో మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. దీన్ని ఆపడానికే 1970ల మొదట్లో గొలుసు బ్రేకులు వచ్చాయి. పోర్టుల కోసం వారమంతా కూర్చునే మనిషి, పొట్టు చేరి ఇరుక్కుపోయిన బ్రేకుని శుభ్రం చేయకుండా మిషన్ అప్పగించడం నేరం. ఇంజిన్ విప్పిన ప్రతిసారీ బ్రేకు పరీక్ష కూడా ఆ పనిలో భాగమే. సైలెన్సర్ నోరు తెరిస్తే శబ్దమూ పెరుగుతుంది. చెవులకు మఫ్స్ లేకుండా పూటంతా కోస్తే సాయంత్రానికి ఇంట్లోవాళ్ల మాట వినపడదు. లుంగీ, స్లిప్పర్లతో చెట్టెక్కే అలవాటు గురించి వేరే చెప్పాలా?

ఇంకో మాట. మన చెట్టే, మన మిషనే అయినా, 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి అడుగుతుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. ఏది ఏ కోవలోదో తెలుసుకున్నాకే తాడు లాగాలి.

ఊపు పెరిగిందా, మోత పెరిగిందా?

చేసిన మార్పు పనిచేసిందో లేదో తేల్చడానికి చెవిని నమ్మొద్దు. సైలెన్సర్ తెరిచిన మిషన్ ఎప్పుడూ బలంగానే వినిపిస్తుంది. ఒకే మొద్దు, ఒకే గొలుసు, ఫోన్లో స్టాప్‌వాచ్. మార్పుకి ముందు మూడు కోతలు, తర్వాత మూడు కోతలు. మధ్యలో గొలుసుకి పదును పెట్టకూడదు. కోత సమయం తగ్గకపోతే, మీరు మార్చింది శబ్దాన్ని మాత్రమే.

ఈ పరీక్ష ఒకసారి చేసినవాళ్లకి ఇంకో సంగతి కూడా తెలిసొస్తుంది. మార్పులేవీ చేయని మిషన్‌కి గొలుసు మాత్రం పదును పెట్టి కోస్తే, కోత సమయం పోర్టు పనికంటే ఎక్కువ తగ్గుతుంది. మన దగ్గర గొలుసు మొద్దుబారడానికి కారణాలు చెట్టులోనే ఉంటాయి. బోర్డులు కొట్టిన మేకులు, బెరడులో ఇరుక్కున్న రాతి ఇసుక, నేల తాకిన కొసలు. మొద్దు గొలుసుతో కోసేవాడు మిషన్‌ని ఒత్తుతాడు, ఇంజిన్ వేడెక్కుతుంది, రింగులు ఇరుక్కుంటాయి. "మిషన్ గుంజుతలేదు" అని షెడ్డుకొచ్చే వాటిలో చాలావాటికి రోగం గొలుసులో, గాలి ఫిల్టర్లో ఉంటుంది గానీ సిలిండర్లో కాదు. 0.325 గొలుసుకి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం, ప్రతి పంటికీ ఒకే లెక్కన రుద్దుడు. పళ్ల మధ్య ఉండే లోతు గుర్తుని 0.65 మి.మీ. కిందికి ఉంచాలి. రంపం కింద రాలేది పొడి కాకుండా చెక్క పేలికలైతే పదును కుదిరినట్టే.

కాబట్టి ఇంటి షెడ్డు పెట్టుకునేవాళ్లు డబ్బు ఖర్చు చేసే వరుస ఇది. ముందు ఆకురాయి, దాని గేజు. తర్వాత సీళ్లు, రబ్బరు గొట్టం, ఫిల్టర్. ఆ తర్వాత బీపీ బుడ్డి, కాలిపర్. పోర్టులు అరిగించే గ్రైండర్ చివర. ఆ వరుసలో వెళ్తే గ్రైండర్ అవసరం రాకుండానే సగం మిషన్లు షెడ్డు దాటి మళ్లీ పనిలోకి వెళ్తాయి. మిగిలిన సగానికి గ్రైండర్ పట్టినప్పుడు, ఎక్కడ ఆపాలో తెలిసిన చేత్తో పడతారు.